ఫైబరు పడవ అడుగు మరమ్మతు: కనిపించే పగులు కొంత, కనిపించని నష్టం మరికొంత

కంచరపాలెం (విశాఖపట్నం): తుపాను తీరం దాటిన మరునాడు మత్స్యకార గ్రామాలకు వెళ్లే నష్ట పరిశీలన బృందాలకు ఎదురయ్యే దృశ్యం దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ఇసుకలో ఒక పక్కకు ఒరిగిన ఫైబరు పడవ, దాని చెంత యజమాని, పడవ పొట్ట మీద జానెడు పగులు. జాబితాలో ఆ పడవ ఎదుట "పాక్షికంగా దెబ్బతిన్నది" అని నమోదవుతుంది. పత్రికలలోనూ అదే మాట వస్తుంది. అయితే ఫైబరు పడవ విషయంలో పైకి కనిపించే పగులు నష్టానికి కొలమానం కాదు. దెబ్బ తగిలిన చోట లోపలి పొరలు విడిపోయి, విడిపోయిన మేరకు ఉప్పునీరు చేరి, పగులుకు ఎన్నో రెట్ల విస్తీర్ణంలో గోడ బలహీనపడి ఉండవచ్చు. ఆ పగులును పైపూతతో మూసి మళ్లీ సముద్రంలోకి దించిన పడవ ఒడ్డు కెరటాల పోటుకు అదే చోట విచ్చుకుంటే, అందులోని వారికి ఒడ్డు కనుచూపు మేరలో ఉన్నా ప్రాణాపాయం తప్పదు.

ఈ నేపథ్యంలో చిన్న ఫైబరు పడవల అడుగు భాగానికి వాటిల్లే నష్టం స్వరూపాన్ని, సక్రమమైన మరమ్మతు విధానాన్ని, పరిశీలన సమయంలో గమనించవలసిన అంశాలను పాత్రికేయుల, క్షేత్రస్థాయి అధికారుల అవగాహన నిమిత్తం ఇక్కడ వివరించడమైనది.

తెప్ప నుంచి ఫైబరుకు

ఉత్తరాంధ్ర తీరంలో జాలరి, వాడబలిజ కుటుంబాలు తరతరాలుగా దుంగలు కట్టిన తెప్పల మీద, పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టిన పడవల మీద వేట సాగించాయి. కుట్టు పడవకు మేకులు లేకపోవడం లోపం కాదు. రేవు లేని తీరంలో కెరటం విసిరికొట్టినప్పుడు పలకలు కొంత కదిలి, ఆ దెబ్బను కుట్లు పంచుకునేవి. కుట్టు తెగితే కంటికి కనిపించేది. మత్స్యకారుడు స్వయంగా మళ్లీ కుట్టుకునేవాడు. మరమ్మతు ఇంటి విద్యగానే ఉండేది.

ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ చెన్నై కేంద్రంగా నడిపిన బంగాళాఖాత కార్యక్రమం 1980వ దశకంలో, ఇసుక తీరాలలో నేరుగా ఒడ్డుకు చేర్చగల కొత్త రకం పడవలపై తూర్పు తీరాన ప్రయోగాలు జరిపింది. మంచి కలప కరవై, ధర పెరుగుతున్న కాలంలో ఫైబరు గ్లాస్ ప్రత్యామ్నాయంగా నిలిచింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత తూర్పు తీరమంతటా ఫైబరు పడవల పంపిణీ పెద్ద ఎత్తున జరిగింది. పడవలు వేగంగా వచ్చాయి గాని వాటిని బాగుచేసే విద్య అంత వేగంగా రాలేదు. ఇదే సంస్థ 2009లో డెక్కు లేని చిన్న ఫైబరు పడవ నిర్మాణంపై ప్రత్యేక సాంకేతిక గ్రంథం వెలువరించింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్దనే తీరం దాటినప్పుడు మరమ్మతు సమస్య నగరం ముంగిటికి వచ్చింది.

నేడు పెదజాలరిపేట, రుషికొండ, మంగమారిపేట, భీమిలి, ముత్యాలమ్మపాలెం తదితర తీరాలలో ఇంజను బిగించిన చిన్న ఫైబరు పడవలు సాధారణ దృశ్యం. చేపల రేవులో లంగరు వేసుకునే పెద్ద మరపడవల బాధలు వేరు, ఇసుక మీదికి ఈడ్చే ఈ చిన్న పడవల బాధలు వేరు. ఈ వ్యాసం రెండవ వాటికి పరిమితం.

లోహం పని వేరు, ఫైబరు పని వేరు

కంచరపాలెం సముద్రపు ఒడ్డున లేదు. విశాఖ నగరంలో పోర్టు, రైల్వే, షిప్‌యార్డు, పరిశ్రమల కొలువులతో పెనవేసుకుని ఎదిగిన శ్రామిక ప్రాంతమిది. కంచర అన్న మాటకు కంచు, ఇత్తడి పని చేసేవారని అర్థం. ప్రభుత్వ పాలిటెక్నిక్ కళాశాల, ప్రభుత్వ పారిశ్రామిక శిక్షణ సంస్థ ఇక్కడే ఉన్నాయి. 1948 మార్చి 14న "జల ఉష" నౌక జలప్రవేశం చేసిన నాటి నుంచి విశాఖ నౌకా నైపుణ్యం ప్రధానంగా ఉక్కుతో ముడిపడి ఉంది. పడవ దెబ్బతిన్నదనగానే నగరంలో చాలామందికి వెల్డింగు పనివాడు గుర్తుకు రావడం సహజం.

కానీ ఉక్కు రేకు తన దెబ్బను దాచుకోదు. సొట్ట పడుతుంది, లేదా చీలుతుంది. సొట్ట ఎంత మేర ఉంటే నష్టం దాదాపు అంత మేర ఉంటుంది. ఫైబరు గోడ ఇందుకు విరుద్ధం. రాయి తగిలినప్పుడు లోపలికి వంగి, దెబ్బ తొలగగానే యథాస్థానానికి వస్తుంది. వెలుపల వెంట్రుకవాసి గీత, లేదా నక్షత్రం ఆకారంలో నాలుగైదు సన్నని పగుళ్లు మాత్రమే మిగులుతాయి. అదే చోట లోపలి వైపు చూస్తే అరచేయంత తెల్లని మచ్చ కనిపించవచ్చు. గాజు పోగులను పట్టి ఉంచిన రెజిన్ విరిగి, పొరల మధ్య గాలి చొరబడినందువల్ల ఏర్పడే మచ్చ అది. వెల్డింగులో ఆరితేరిన చేతికి కూడా ఫైబరు పని కొత్తగా నేర్వవలసినదే. రెండు పనులకూ ఉన్న పోలిక గ్రైండరు పట్టుకోవడంతోనే ముగుస్తుంది.

పడవ గోడలో ఏముంటుంది

వెలుపల రంగుతో మెరిసే పొరను జెల్‌కోట్ అంటారు. దీని మందం సుమారు అర మిల్లీమీటరు. ఇది బలాన్ని ఇచ్చేది కాదు, నీటిని, ఎండను అడ్డుకునేది. దాని వెనుక గాజు పోగుల పొరలు ఉంటాయి. చిన్న చిన్న పోగులను అడ్డదిడ్డంగా పరచి అతికిన దుప్పటి వంటిది మ్యాట్. పోగులను గోనెపట్టా వలె నేసినది రోవింగ్. చదరపు మీటరుకు 300 గ్రాములు, 450 గ్రాముల మ్యాట్, 600 గ్రాములకు కాస్త పైబడిన రోవింగ్ వాడుకలో ఉన్నాయి. వీటన్నిటినీ పాలియెస్టరు రెజిన్‌తో తడిపి ఒకదానిపై ఒకటి పరిస్తే గట్టిపడి గోడ తయారవుతుంది. 450 గ్రాముల మ్యాట్ ఒక పొర దాదాపు 1 మిల్లీమీటరు మందం ఇస్తుంది.

గాజు పోగు లాగుడును తట్టుకుంటుంది. రెజిన్ పోగులను కదలనీయక పట్టి ఉంచుతుంది. పోగు తెగితే రెజిన్ ఒంటరిగా బలం ఇవ్వలేదు. మరమ్మతు పని సారాంశమంతా తెగిన పోగుల స్థానంలో కొత్త పోగులను, పాత పోగుల మీదికి తగినంత దూరం పాకేలా అతికించడమే. పుట్టీలో అలాంటి అల్లిక ఉండదు కనుక అది రంధ్రాన్ని పూడుస్తుంది గాని పడవను బాగుచేయదు.

దెబ్బ తగిలే చోట్లు

తుపాను గాలులకు ఒక పడవ మరొక పడవను గుద్దుకోవడం, రాతి కట్ట మీద పడటం వార్తలకెక్కే నష్టాలు. వార్తలకెక్కని నష్టం ప్రతి రోజూ జరుగుతుంది. పడవను ఇసుక మీదికి ఈడ్చిన ప్రతిసారీ అడుగున నిడివిగా సాగే కీల్ అరుగుతుంది. జెల్‌కోట్ పోయి గాజు పోగులు తేలిన చోట నీరు పోగుల వెంట లోపలికి పాకుతుంది. కీల్‌కు అదనపు పొరలు వేయించుకున్న పడవ ఈ విషయంలో మేలు.

వెనుక భాగమైన అమరం వద్ద ఇంజను బిగించే పలక మరొక బలహీన స్థానం. చాలా పడవలలో అక్కడ రెండు ఫైబరు పొరల నడుమ ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాల గుండా నీరు దిగి ప్లైవుడ్ కుళ్లుతుంది. ఇంజనును పట్టుకుని ముందుకు వెనుకకు ఊపినప్పుడు పలక కదిలినా, బోల్టు ఊడదీస్తే గోధుమరంగు నీరు కారినా లోపల చెక్క పోయినట్లే. అలాంటి చోట పై పొర మీద ఎన్ని పట్టీలు వేసినా ప్రయోజనం లేదు. లోపలి పొరను కోసి, కుళ్లిన చెక్కను తొలగించి, కొత్త మెరైన్ ప్లైవుడ్ అమర్చవలసిందే.

పరీక్ష: కన్ను కంటే చెవి మేలు

పడవను బోర్లించి, మంచినీటితో కడిగి, తుడిచిన తరువాతనే పరీక్ష మొదలు పెట్టాలి. ఇందుకు ఖరీదైన పరికరం అక్కరలేదు. రూపాయి నాణెం, లేదా చిన్న సుత్తి చాలు. పగులుకు దూరంగా, బాగున్న చోట తట్టితే ఖంగుమని మోగుతుంది. అక్కడి నుంచి అంగుళం అంగుళం పగులు వైపు తట్టుకుంటూ వస్తే ఒక చోట శబ్దం మారి బొదబొదమంటుంది. అక్కడ సుద్దతో గుర్తు పెట్టాలి. అన్ని దిక్కుల నుంచీ అలా గుర్తులు పెట్టి కలిపితే నష్టం అసలు సరిహద్దు తెలుస్తుంది. కుండల బేరంలో ఇల్లాలు చేసే పరీక్షే ఇది.

తరువాత లోపలి వైపు చూడాలి. తెల్లని మచ్చ, అడ్డ కమ్ముల మొదళ్లలో పగులు, అడుగు గోడ పక్క గోడతో కలిసే మలుపులో గీతలు ఉన్నవా అని గమనించాలి. దెబ్బ ఒక చోట తగిలితే పగులు మరొక చోట కనిపించడం ఫైబరులో అరుదు కాదు. దెబ్బ బలం గోడ వెంట పయనించి గట్టి కమ్మి తగిలిన చోట ఆగి అక్కడ చీలుస్తుంది.

మునగకుండా తేల్చేందుకు గదులలో థర్మోకోల్ లేదా నురుగు నింపిన పడవలలో మరొక చిక్కు ఉంది. రంధ్రం చిన్నదైనా లోపలి గది నీటితో నిండి ఉండవచ్చు. పడవ మునుపటి కంటే బరువుగా తోస్తున్నదా అని దాన్ని రోజూ ఈడ్చే వారిని అడిగితే చాలు, కొలత యంత్రం కంటే ముందుగా వారి భుజాలే చెబుతాయి.

ఆరబెట్టడం

మరమ్మతులో అత్యధికులు తప్పించుకోజూసే దశ ఇది. తడి ఉన్న పోగులకు రెజిన్ అంటదు. పైన అంటినట్లు కనిపించినా కొద్ది వారాలకు అట్టలా ఊడివస్తుంది. ఉప్పు మరింత ప్రమాదకారి. నీరు ఆరినా ఉప్పు మిగిలి, గాలిలోని తేమను మళ్లీ లాగుతుంది. కనుక దెబ్బతిన్న చోట ఊడిపోతున్న పొరలను ముందుగా తొలగించి, మంచినీటితో ఒకటికి రెండు సార్లు కడిగి, పగలు ఎండనిచ్చి, రాత్రి మంచు పడకుండా కప్పి ఉంచాలి. విశాఖ తీరపు తేమ గాలిలో ఒక్క రోజు ఎండ సరిపోతుందనుకోవడం భ్రమ. పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం ముక్కను ఆ చోట నాలుగు అంచులా టేపుతో అంటించి ఎండలో వదిలితే, లోపలి వైపు నీటి ఆవిరి పడుతున్నంత కాలం పని మొదలు పెట్టరాదు.

వేట మానుకున్న ప్రతి రోజూ ఆదాయం పోయే ఇంట్లో "నాలుగు రోజులు ఆగు" అనడం ఎంత కష్టమో అర్థం చేసుకోదగినదే. పుట్టీ మరమ్మతులు పుట్టేది అజ్ఞానం నుంచి కాక ఈ తొందర నుంచే అన్నది గమనార్హం.

సాన పట్టడం: పన్నెండు రెట్ల లెక్క

పగులు చుట్టూ ఉన్న గోడను నిట్టనిలువుగా కోసి, ఆ గుంతలో కొత్త ముక్కను నింపితే పాతకూ కొత్తకూ మధ్య సన్నని అంచు మాత్రమే కలుస్తుంది. కెరటం తాకిన ప్రతిసారీ ఆ అంచు మీదనే భారం పడుతుంది. అందువల్ల గోడను పళ్లెం ఆకారంలో, వాలుగా అరగదీయాలి. వాలు పొడవు గోడ మందానికి సుమారు 12 రెట్లు ఉండాలన్నది నౌకా మరమ్మతులలో స్థిరపడిన నియమం.

దీనిని ఒక ఉదాహరణతో చూడవచ్చు. గోడ మందం 6 మిల్లీమీటర్లు, పాడైన భాగం తొలగించాక మిగిలిన రంధ్రం వెడల్పు 10 సెంటీమీటర్లు అనుకుందాం. ఆరు పన్నెండ్లు 72. అనగా రంధ్రం అంచు నుంచి ప్రతి వైపు 7.2 సెంటీమీటర్ల వాలు అవసరం. రెండు వైపులా కలిపితే మరమ్మతు వెడల్పు 24 సెంటీమీటర్లు దాటుతుంది. విస్తీర్ణం లెక్కలో ఇది రంధ్రానికి దాదాపు ఆరు రెట్లు. "పది సెంటీమీటర్ల రంధ్రం" అని రాసుకున్న అధికారి అంచనాకూ, సామగ్రి కొన్న యజమాని ఖర్చుకూ పొంతన కుదరకపోవడానికి కారణం ఈ లెక్కలోనే ఉంది.

గరుకైన డిస్కుతో, అంటే 24 నుంచి 40 నంబరు వరకు ఉన్న వాటితో, సాన పట్టాలి. నునుపుగా ఉన్న పాత ఫైబరు మీద కొత్త రెజిన్ కేవలం గరుకుదనాన్ని పట్టుకునే నిలుస్తుంది. పాత పాలియెస్టరు ఎప్పుడో గట్టిపడి ఉండటం వల్ల కొత్తదానితో రసాయనికంగా కలిసిపోయే గుణం దాదాపు ఉండదు. జెల్‌కోట్, రంగు, నూనె మరకలు ఏమాత్రం మిగలకూడదు. ధూళి దులిపి, ఎసిటోన్‌తో శుభ్రమైన గుడ్డతో తుడిచి, అది ఆరిన తరువాత చేతితో ఆ చోటును తాకరాదు. చేతి చెమట కూడా మైనం వంటిదే.

పొరలు వేయడం

రంధ్రం గోడకు ఆరుపారు ఉన్నప్పుడు, లోపలి వైపు చేయి చొరే వీలుంటే, వెలుపల నునుపైన ఫార్మైకా ముక్కకు మైనం పట్టించి పడవ ఒంపుకు తగినట్లు బిగిస్తారు. అది అచ్చుగా పనిచేస్తుంది. దాని మీద ముందుగా జెల్‌కోట్, ఆ తరువాత లోపలి నుంచి పొరలు వేస్తారు. లోపలికి దారి లేని పడవలకు వెలుపలి నుంచే పని చేయవలసి వస్తుంది. అప్పుడు జెల్‌కోట్ చివర వస్తుంది.

అరగదీసిన ఉపరితలం మీద మొదటి పొర ఎప్పుడూ మ్యాట్ అయి ఉండాలి. అది రెజిన్‌ను ఎక్కువగా పట్టి ఉంచి పాత గోడకు బాగా అంటుతుంది. ఆ పైన రోవింగ్, మళ్లీ మ్యాట్, ఇలా మార్చి మార్చి, ఒక్కొక్క పొర ముందు దాని కంటే కొంత పెద్దదిగా వాలును నింపుకుంటూ పోవాలి. మ్యాట్‌ను కత్తెరతో కోయడం కంటే చేతితో చించడం మంచిది. చించిన అంచు పలుచనై పక్క పొరలో కలిసిపోతుంది. మ్యాట్ బరువుకు రెండు నుంచి రెండున్నర రెట్లు, రోవింగ్ బరువుకు సమానంగా రెజిన్ పడుతుంది. ఎక్కువ పోస్తే బలం పెరుగుతుందనుకోవడం పొరపాటు. గాజు తక్కువై, రెజిన్ ఎక్కువైన గోడ పెళుసుగా తయారవుతుంది.

గాడుల రోలరుతో నొక్కి గాలి బుడగలను వెళ్లగొట్టడం ఈ పనిలో ఓపిక పరీక్షించే ఘట్టం. తడిసిన మ్యాట్ పారదర్శకంగా మారుతుంది. ఎక్కడ తెల్లగా కనిపిస్తే అక్కడ గాలి ఉన్నట్లు, లేదా రెజిన్ అందనట్లు. ఒకే విడతలో మూడు నాలుగు పొరలకు మించి వేయరాదు. గట్టిపడేటప్పుడు రెజిన్ వేడెక్కుతుంది; మందంగా వేస్తే ఆ వేడికి లోపల పగుళ్లు పుడతాయి. మే నెల ఎండలో నేరుగా పని చేయడం కూడా తగదు. ఆరబెట్టేందుకు ఎండ కావాలి, పొరలు వేసేందుకు నీడ కావాలి. పందిరి వేసుకుని ఉదయం పూట పని చేసేవారి పడవలు ఎక్కువ కాలం మన్నుతాయి.

గట్టిపరచే కెటలిస్టు మోతాదు సాధారణంగా రెజిన్ బరువులో 1 నుంచి 2 శాతం. వేసవిలో 1 శాతానికి దగ్గరగా ఉంచాలి. కిలో రెజిన్‌కు 10 గ్రాములు. ఆ కిలో కూడా ఒకేసారి కలపక, ఇరవై నిమిషాలలో వాడగలిగినంతే కలపడం ఉత్తమం. త్వరగా ఆరాలని మోతాదు పెంచినా, సామగ్రి మిగల్చాలని తగ్గించినా ఫలితం ఒకటే, గోడ పూర్తి బలానికి రాదు.

థర్మోకోల్ నింపిన పడవల విషయంలో ప్రత్యేక హెచ్చరిక అవసరం. పాలియెస్టరు రెజిన్‌లో ఉండే స్టైరీన్ థర్మోకోల్‌ను కర్పూరంలా కరిగిస్తుంది. పైన పొర చక్కగా గట్టిపడి కనిపిస్తుంది, కింద ఖాళీ ఏర్పడుతుంది. పడవ మునగకుండా కాపాడవలసిన భాగమే లేకుండా పోతుంది. అటువంటి చోట థర్మోకోల్‌ను పాలిథిన్‌తో పూర్తిగా కప్పి పని చేయాలి, లేదా ఎపాక్సీ వాడాలి. ఎపాక్సీ పాత ఫైబరుకు పాలియెస్టరు కంటే గట్టిగా అంటుతుంది గాని ధర ఎక్కువ. పైగా మామూలు మ్యాట్‌లోని జిగురు స్టైరీన్‌కే కరిగే రకం కనుక ఎపాక్సీతో నేసిన గుడ్డనే వాడాలి. ఎపాక్సీ మీద పాలియెస్టరు జెల్‌కోట్ సరిగా నిలవదు. రంగు వేసుకోవడమే మార్గం.

చివరి పొర గట్టిపడిన తరువాత నునుపు చేసి జెల్‌కోట్ వేస్తారు. గాలి తగిలే వైపు జెల్‌కోట్ జిగటగా మిగిలిపోకుండా అందులో కొద్దిగా మైనం ద్రావణం కలుపుతారు. పుట్టీకి న్యాయమైన స్థానం ఈ దశలోనే ఉంది, చిన్న చిన్న గుంతలు సరిచేసేందుకు. ఒక రోజుకు గట్టిపడినట్లు కనిపించినా, పూర్తి బలానికి వారం రోజులు ఇవ్వడం క్షేమం. ఆ తరువాత మళ్లీ అదే నాణెంతో తట్టి చూడాలి. ఖంగుమనాలి. మొదటి సారి ప్రశాంతమైన నీటిలో దించి, కొంత సేపు ఉంచి లోపల చెమ్మ పరీక్షించకుండా కెరటాలలోకి పంపరాదు.

పని చేసే వారి భద్రత

ఈ పని ఆరుబయట, తరచు చొక్కా లేని ఒంటితో, ముఖానికి తువ్వాలు చుట్టుకుని సాగుతుంది. తువ్వాలు గాజు ధూళిని కొంత ఆపవచ్చు గాని స్టైరీన్ ఆవిరిని ఆపదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో స్టైరీన్‌ను మనుషులలో క్యాన్సర్ కలిగించే అవకాశం గల పదార్థాల వర్గంలో చేర్చింది. ఆవిరిని పీల్చుకునే గుళిక గల మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. కెటలిస్టు, అనగా మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్, కంటిలో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. ఆలస్యం లేకుండా కనీసం పావుగంట పాటు ధారగా నీటితో కడిగి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

యాక్సిలరేటరుగా వాడే కోబాల్టు ద్రవాన్ని, కెటలిస్టును నేరుగా ఒకదానితో ఒకటి ఎన్నడూ కలపరాదు. పేలుడు సంభవిస్తుంది. ఒకదాన్ని రెజిన్‌లో పూర్తిగా కలిపిన తరువాతనే రెండవది వేయాలి. యాక్సిలరేటరు ముందే కలిపిన రెజిన్ కొనుక్కుంటే ఈ ప్రమాదమే ఉండదు. రెజిన్, ఎసిటోన్, రెండూ మండే పదార్థాలే. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ చేపల రేవులో చెలరేగిన మంటలు పక్కపక్కన కట్టిన మరపడవలను ఎంత వేగంగా చుట్టుముట్టాయో నగరం చూసింది. వరుసగా నిలిపిన పడవల నడుమ, వలల కుప్పల చెంత, పొయ్యికి సమీపంలో ఫైబరు పని చేయనీయరాదు.

లెక్కింపులో గమనించవలసినవి

రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి నిబంధనలలో 2015-20 కాలానికి పాక్షికంగా దెబ్బతిన్న పడవ మరమ్మతుకు రూ.4,100, పూర్తిగా దెబ్బతిన్న పడవకు రూ.9,600 చొప్పున సాయం నిర్ణయించారు. 2022-23 నుంచి 2025-26 వరకు వర్తించిన నిబంధనలలో ఇవి వరుసగా రూ.6,000, రూ.15,000. అదే విపత్తుకు మరొక ప్రభుత్వ పథకం కింద సాయం పొందినవారికి, పొందే అర్హత ఉన్నవారికి ఇది వర్తించదు. ఒక్కొక్క విపత్తు సందర్భంలో రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక ఉత్తర్వులతో అదనపు సాయం ప్రకటించడం వేరు.

రెండు వర్గాల మధ్య వ్యత్యాసం రెట్టింపు కంటే ఎక్కువ. ఆ గీత ఎటు పడుతుందన్నది పరిశీలకుడు పడవను బోర్లించి చూశాడా లేదా అన్న దాని మీద ఆధారపడుతుంది. అడుగున పొరలు విస్తారంగా విడిపోయి, కమ్ములు ఊడి, అమరం పలక కుళ్లిన పడవ దూరం నుంచి చూస్తే నిండుగానే కనిపిస్తుంది. ఒక పక్క పెద్ద రంధ్రం పడినా మిగతా దేహమంతా ఖంగుమనే పడవను రెండు వారాలలో నిలబెట్టవచ్చు. కంటికి మొదటిది పాక్షికం, రెండవది పూర్తి. వాస్తవం తరచు తలకిందులు.

కనుక పరిశీలన పత్రంలో పగులు పొడవుతో పాటు తట్టి చూసినప్పుడు తేలిన సరిహద్దు కొలత, లోపలి వైపు పరిస్థితి, అమరం పలక స్థితి విడివిడిగా నమోదు చేయడం మంచిది. సుద్ద గుర్తులు కనిపించేలా, పక్కన స్కేలు ఉంచి, రిజిస్ట్రేషన్ నంబరు అదే చిత్రంలో లేదా వెంటనే తరువాతి చిత్రంలో వచ్చేలా ఫొటోలు తీయాలి. వెలుపలి నుంచి ఒక్క ఫొటోతో సరిపెట్టిన దస్త్రం అభ్యంతరం వచ్చినప్పుడు యజమానికీ ఉపకరించదు, అధికారికీ ఉపకరించదు. సాంకేతిక సందేహాలకు విశాఖలోనే కేంద్ర మత్స్య సాంకేతిక పరిజ్ఞాన సంస్థ పరిశోధన కేంద్రం, మత్స్య నౌకా శిక్షణ సంస్థ అయిన సిఫ్నెట్ విభాగం ఉన్నాయి.

వేట నిషేధ కాలం

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవలు, ఇంజను పడవల వేటపై నిషేధం అమలవుతుంది. పడవ ఒడ్డున ఉండి, ఎండ నిండుగా ఉండే ఈ రోజులే మరమ్మతుకు అనువైనవి. ఆరబెట్టడానికి వారం, పొరలకు రెండు మూడు రోజులు, గట్టిపడటానికి మరొక వారం. జూన్ మొదటి వారం దాటితే నైరుతి మబ్బులు కమ్ముకోవచ్చు కనుక పనిని మే చివరికి ముగించుకోవాలి. నిషేధ కాలపు భృతిని రాష్ట్ర ప్రభుత్వం 2019లో రూ.10,000కు, 2025లో రూ.20,000కు పెంచింది. అది కుటుంబ పోషణకు ఉద్దేశించినదే గాని పడవ మరమ్మతుకు కాదు. ఆ మొత్తంలోంచే రెజిన్ డబ్బాలు కొనుక్కునే కుటుంబాలకు సరైన పద్ధతి తెలిసి ఉండటం వల్ల కలిగే లాభం ఒక్కటే, అదే పనికి ఏటా రెండోసారి డబ్బు పెట్టనక్కరలేదు.

మరమ్మతు ముగిసి రంగు వేసిన పడవకు రిజిస్ట్రేషన్ నంబరు మళ్లీ స్పష్టంగా రాయించుకోవడం మరువరాదు. కొత్త రంగు కింద పాత నంబరు మాసిపోయిన పడవను సముద్రంలో తనిఖీ సిబ్బంది ఆపితే, తుపాను తరువాతి జాబితాలో అదే పడవను గుర్తించలేకపోతే, ఇబ్బంది యజమానిదే. మరమ్మతు చేసిన తేదీ, చోటు, వాడిన పొరల సంఖ్య ఒక కాగితం మీద రాసి పడవ పత్రాలతో ఉంచుకుంటే, తరువాత ఎప్పుడైనా అదే చోట పగులు కనిపించినప్పుడు పనివాడికి ఎక్కడ నుంచి తట్టి చూడాలో తెలుస్తుంది.